ఇది నమ్మితే పాపమా?

“అయ్యగారూ, ఇది నమ్మితే పాపమా?” సండేస్కూలు అయ్యాక పదో తరగతి బాబు ఫోను చూపిస్తూ అడిగాడు. అందులో ఐదు నిమిషాల వీడియో. గాలపాగోస్ దీవుల్లో ఒకటైన డాఫ్నే మేజర్‌లో 1977లో కరువొచ్చింది. చిన్న గింజలు అయిపోయాయి. గట్టి గింజల్ని పగులగొట్టగల పెద్ద ముక్కున్న ఫించ్ పక్షులే ఎక్కువగా బతికాయి. వాటి పిల్లలకూ సగటున పెద్ద ముక్కులే వచ్చాయి. గ్రాంట్ దంపతులు పక్షుల్ని పట్టి, ముక్కులు కొలిచి చెప్పిన సంగతిది.

ఫోను కట్టెయ్యమని టీచరమ్మ అప్పటికే కసిరిందట. ఆమెది భక్తే, కాదనను. కానీ కొలిచి చూసినదాన్ని మనం అబద్ధమంటే, రేపు పునరుత్థానం గురించి చెప్పే మాటను ఆ బాబు ఎలా నమ్ముతాడు? ఆదికాండం సృష్టికర్త ఎవరో చెబుతుంది. పక్షి ముక్కు పొడవు చెప్పదు. డార్విన్‌ను అమెరికాలో సమర్థించిన వృక్షశాస్త్రవేత్త ఆసా గ్రే ప్రెస్బిటేరియన్ విశ్వాసి.

కొన్ని వీడియోలు చివర్లో ‘కనుక దేవుడు లేడు’ అని అతికిస్తాయి. అది ఏ కొలబద్దకూ అందని మాట. అక్కడ పిల్లల పక్కన పెద్దలుండాలి. 2023లో ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి పుస్తకం నుంచి జీవపరిణామ పాఠాన్ని తీసేసింది. ఆ పుస్తకం చదివి, పదితో సైన్సు వదిలేసే పిల్లలకు ఇలాంటి వీడియోలే దిక్కు.

పాపం కాదన్నాను. వచ్చే ఆదివారం టీచరమ్మతో కలిసి ముగ్గురం చూస్తాం.