మీ టైపేమిటి?

నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే "మీదే ఊరండీ?" అన్న ప్రశ్నతో మాటలు మొదలవడం మామూలే. దోహాకి దక్షిణాన ఉన్న మా అల్ వుకైర్‌లో, సాయంత్రాలు కలిసే సాఫ్ట్‌వేర్ కుర్రాళ్ళ మధ్య ఇప్పుడు "నీ టైపేమిటి?" అన్న ప్రశ్న కూడా వినిపిస్తోంది. పది నిమిషాలు కూర్చుని ఓ ప్రశ్నాపత్రం నింపితే, కంప్యూటరు మీ స్వభావాన్ని నాలుగు ఇంగ్లీషు అక్షరాల్లో తేల్చేస్తుంది. సరదాకైతే నాకేం అభ్యంతరం లేదు. ఆ అక్షరాలు ఆఫీసు ఫైళ్ళలోకి ఎక్కడమే నాకు నచ్చడం లేదు.

ఈ అక్షరాల పుట్టుక చూద్దాం. కార్ల్ యుంగ్ 1921లో రాసిన పుస్తకం ఆధారంగా కేథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మయర్స్ అమెరికాలో తయారుచేసిన పరీక్ష నుంచి వచ్చాయివి. నాలుగు కొలతలు, ఒక్కోదానికి రెండేసి అక్షరాలు, మొత్తం 16 రకాల మనుషులు.

చిక్కంతా లెక్కలో ఉంది. జనం ఎత్తు కొలిస్తే ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు. కలుపుగోలుతనమూ అంతే. ఈ పరీక్ష మాత్రం సరిగ్గా ఆ మధ్యలోనే గీత గీసి ఇటువాళ్ళు ఒక రకం, అటువాళ్ళు ఇంకో రకం అంటుంది. గీతకి చెరోపక్క వెంట్రుకవాసి దూరంలో ఉన్న ఇద్దరికి వేర్వేరు అక్షరాలు వస్తాయి. అందుకే కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి ఏదో ఒక అక్షరం మారిపోతుంది.

"నాకు అచ్చుగుద్దినట్టు సరిపోయిందే!" అంటారా? 1948లో బెర్ట్రమ్ ఫోరర్ అనే ప్రొఫెసరు 39 మంది విద్యార్థులకి పరీక్ష పెట్టి, ఎవరి ఫలితం వారిదే అంటూ అందరికీ ఒకే కాగితం ఇచ్చాడు. అందులో వాక్యాలు చాలావరకు ఓ జ్యోతిషం పుస్తకంలోవి. అది తమకెంత సరిపోయిందో చెప్పమంటే 5కి సగటున 4.26 మార్కులు వేశారు. మన వారఫలాలూ అలాగే కుదురుతాయి కదా!

నాకు తెలిసిన ఒక ఆఫీసులో ఓ కుర్రాడికి "అంతర్ముఖుడు" అని వచ్చింది. అప్పటినుంచి అతన్ని కస్టమర్ల మీటింగులకి పిలవడం మానేశారు. "అతనికి ఇబ్బందిగా ఉంటుంది" అని వాళ్ళే అనుకున్నారు, అతన్ని ఎవరూ అడగలేదు. మయర్స్-బ్రిగ్స్ పరీక్షని అమ్మే కంపెనీయే దాన్ని ఉద్యోగుల ఎంపికకి వాడకూడదని చెబుతోంది. ఆ మాట చాలామంది మేనేజర్లు చదివినట్టు లేదు.

ఇలాంటి చీటీ ఏం చేస్తుందో గల్ఫ్‌లో ఉండే మనకి ఇంకొకరు చెప్పక్కర్లేదు. ఇక్కడ అద్దెకి ఇల్లు వెతికితే "ఫ్యామిలీనా, బ్యాచిలరా?" అని అడుగుతారు. కరీంనగర్ దగ్గర పల్లెలో భార్యాబిడ్డలున్న నలభై అయిదేళ్ళ మనిషి కూడా, ఒంటరిగా వస్తే ఇక్కడ బ్యాచిలరే. కుటుంబాలుండే ప్రాంతాల్లో కార్మికుల బసల్ని నిషేధిస్తూ 2010లో 15వ నంబరు చట్టం వచ్చింది. చట్టం సంగతి అలా ఉంచండి. ఉగాది భోజనాలకి జాబితా రాస్తూ "వాళ్ళు బ్యాచిలర్లు కదా, వాళ్ళెందుకు?" అని మనవాళ్ళే అనడం నేను విన్నాను. అద్దె కాగితం మీది మాట పంక్తిలో కూర్చునేదెవరో తేల్చే దాకా వచ్చింది.

"నేను కొంచెం ముభావిని" అని చెప్పుకోవడానికి కొందరికి ఈ పరీక్షే ధైర్యమిచ్చిందంటారు. నిజమే, కాదనను. ఎవరికి వారు చెప్పుకుంటే అక్కడినుంచి మాటలు సాగుతాయి. అదే మాట పైవాడు ఫైల్లో రాస్తే ఇక అడగాల్సిన పనే లేదనిపిస్తుంది.

అందుకని మేనేజర్లకి నా మనవి ఒక్కటే. పరీక్ష పెట్టాలనుకుంటే పెట్టండి, ఫలితం మాత్రం రాసినవాళ్ళ దగ్గరే ఉండనివ్వండి. మీటింగుకి వస్తావా అని ఆ మనిషినే అడగండి. అర నిమిషం పని, సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.