రిలే ఎవరు తిప్పాలి?

ఇంటర్ సెకండియర్‌లో ఉన్నప్పుడు మా బాయికాడి మోటరు కాలిపోయింది. కాల్చింది నేనే.

మాది పెగడపల్లి. అప్పుడు యాసంగి వరి పొట్ట మీదుంది. మా ట్రాన్స్‌ఫార్మర్ మీద మోటార్లు ఎక్కువ, అందుకే వోల్టేజీ ఎప్పుడూ తక్కువే. వోల్టేజీ పడిపోతే మోటరు ఎక్కువ కరెంటు గుంజుతుంది. స్టార్టర్‌లో ఉండే ఓవర్‌లోడ్ రిలే అది చూసి టక్కున బంద్ చేస్తుంది. రాత్రిపూట బంద్ అయితే ఎవరో ఒకరు టార్చిలైటు పట్టుకొని పొలం దాకా పోవాలి. బాపుకు మోకాళ్ల నొప్పులు, కాబట్టి ఆ ఎవరో ఒకరు నేను. రెండు రాత్రులు పోయిన. మూడో రాత్రి స్టార్టర్ డబ్బా తెరిచి, రిలే డయల్‌ని పెద్ద నంబరు దిక్కు తిప్పి, ఇంటికొచ్చి హాయిగా పడుకున్న. నాలుగు రోజులు మోటరు ఒక్కసారి కూడా ట్రిప్ కాలేదు. ఐదో రోజు కాలిన వైండింగ్ వాసన వచ్చింది.

బాపు తిట్టలేదు. "అది కొట్టేసిందంటే నీ నిద్ర చెడగొట్టెతందుకు కాదు బిడ్డా" అన్నడు, అంతే. మోటరు గుంజి, రీవైండింగ్‌కు జగిత్యాల తీస్కపోయి, మళ్లీ దింపేసరికి ఒక మడి ఎండిపోయింది.

ఈ ముచ్చట ఇప్పుడెందుకంటే, మొన్న హాస్టల్ రూంలో శాంతి చట్టం మీద పెద్ద వాదన అయింది. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆమోదించిన అణు ఇంధన చట్టం అది. ఇకమీద ప్రైవేటు కంపెనీలు కూడా అణు విద్యుత్ కేంద్రాలు నడపొచ్చు. "మనకెందుకురా ఇదంతా, అవి గుజరాత్‌లోనో తమిళనాడులోనో ఉంటాయి" అన్నాడు మావాడు ఒకడు. వాడు వారానికోసారి ఈసీఐఎల్ క్రాస్ రోడ్స్ దగ్గర బస్సు దిగుతాడు. అక్కడికి దగ్గర్లోనే, మౌలాలి వైపు, న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఉంది. 1971లో పెట్టారు. మన దేశంలోని భారజల రియాక్టర్లలో కాలే ఇంధన కడ్డీలు ప్రధానంగా అక్కడ తయారైనవే. కడప జిల్లా తుమ్మలపల్లెలో తవ్విన యురేనియం కూడా అక్కడికే వస్తుంది. మనకెందుకు అంటే ఇందుకు.

ఇంధన కడ్డీ అంటే పెద్ద రహస్యమేమీ లేదు. చాక్‌పీస్ ముక్కంత యురేనియం ఆక్సైడ్ గుళికలను జిర్కోనియం మిశ్రమంతో చేసిన సన్నటి గొట్టంలో పేర్చి రెండు కొసలూ మూసేస్తారు. 220 మెగావాట్ల రియాక్టర్‌లో అయితే అలాంటివి 19 కలిపి ఒక కట్ట. కట్ట మూరెడు పొడవు ఉంటుంది. 306 గొట్టాల్లాంటి చానెళ్లు, చానెల్‌కు 12 కట్టలు, మొత్తం 3,672. కడ్డీలు ఎన్నో మీరే లెక్క వేసుకోండి, మనం ఇంజనీరింగ్ పిల్లలం కదా. దాదాపు 70 వేలు. అన్నిట్లో ఏదో ఒకదానికి సూదిమొనంత చిల్లు పడటం వింతేమీ కాదు. పడితే లోపలి జినాన్, క్రిప్టాన్ వాయువులు, అయోడిన్ 131 చుట్టూ ఉన్న నీళ్లలోకి వస్తాయి. ఆ నీళ్లలో అవి ఎంత ఉన్నాయో కొలిచి, లీకు ఉందా లేదా తెలుసుకుంటారు. ఎంతవరకు ఉంటే నడపొచ్చు, ఎంత దాటితే ఆపాలి అన్నదానికి ఒక నంబరు ఉంటుంది. అది సున్నా కాదు. అంటే మా స్టార్టర్‌లో ఉన్నట్టే అక్కడా ఒక డయల్ ఉంది.

ఆ నంబరు మీద గొడవ ఎలా ఉంటుందో 2021లో చైనాలోని తైషాన్‌లో బయటపడింది. ఫ్రెంచి డిజైన్ రియాక్టర్ అది. మొదటి యూనిట్ నీళ్లలో వాయువులు పెరిగాయి. కేంద్రం బయట రేడియేషన్ పరిమితులనే పెంచుతూ పోతున్నారని ఫ్రామటోమ్ కంపెనీ అమెరికా ప్రభుత్వానికి రాసిందని జూన్‌లో సీఎన్ఎన్ చెప్పింది. చైనా పర్యావరణ శాఖ కాదంది. తాము సమీక్షించి ఆమోదించింది లోపలి నీళ్లలో ఉండే వాయువుల పరిమితిని మాత్రమేనని, 60 వేలకు పైగా కడ్డీల్లో దెబ్బతిన్నవి ఐదు దాకా ఉంటాయని చెప్పింది. నెల తర్వాత, అందులో వాటాదారైన ఫ్రాన్స్ కంపెనీ ఈడీఎఫ్, ఇదే మా దేశంలో అయితే ఆపేసేవాళ్లమంది. జూలై 30న ఆపారు. మళ్లీ నడిచేసరికి 2022 ఆగస్టు.

ఇక్కడ మా రూమ్మేట్ మాట కూడా చెప్పాలి, వాడు ఎలక్ట్రికల్. "60 వేలల్లో ఐదంటే ఏం లెక్కరా? ఊరికే ఆపడం, మళ్లీ స్టార్ట్ చేయడం, అది కూడా మెషిన్‌కు దెబ్బే" అన్నాడు. నిజమే. పైగా మన భారజల రియాక్టర్లలో నడుస్తుండగానే చెడిన కట్టను వెతికి తీసేయొచ్చు, తైషాన్ రకంలో ఆపి మూత తెరవాల్సిందే. పరిమితిని పెంచడం కొన్నిసార్లు సరైన నిర్ణయమే కావచ్చు. రిలేను తిప్పకూడదని నేను అనట్లేదు. మోటరు మార్చినప్పుడు తిప్పాల్సిందే. నా గొడవ వేరు. అలారం మోగితే ఎవరి నిద్ర చెడుతుందో వాళ్ల చేతిలో ఆ డయల్ ఉండకూడదు. నేను తిప్పింది మోటరు గురించి ఆలోచించి కాదు, పొలం దాకా నడవలేక.

మన దగ్గర ఏమైంది? అణుశక్తి నియంత్రణ మండలి ఏఈఆర్‌బీని 1983 నవంబరులో ప్రభుత్వ ఉత్తర్వుతో పెట్టారు. అది జవాబు చెప్పుకోవాల్సింది అణుశక్తి కమిషన్‌కు. ఆ కమిషన్ అధ్యక్షుడే అణుశక్తి శాఖ కార్యదర్శి, రియాక్టర్లు నడిపే ఎన్‌పీసీఐఎల్ ఆ శాఖ కిందిదే. ఇది సరికాదని 2012లో కాగ్ రాసింది. 1993 నుంచి 1996 దాకా ఆ మండలికి అధ్యక్షుడుగా ఉన్న ఎ. గోపాలకృష్ణన్ బయటికొచ్చాక చాలాసార్లు అదే చెప్పారు. 2011లో వేరే సంస్థ కోసం తెచ్చిన బిల్లు 2014లో లోక్‌సభతో పాటే మురిగిపోయింది.

అట్లని ఏఈఆర్‌బీ ఏమీ చేయలేదనడం అన్యాయం. 2016 మార్చి 11న గుజరాత్ కాక్రాపార్ మొదటి యూనిట్‌లో, కడ్డీల కట్టలుండే ప్రెషర్ ట్యూబు లీకై భారజలం బయటికొచ్చింది. రియాక్టర్ ఆపారు. ట్యూబులన్నీ మార్చాక 2019లో గానీ అది మళ్లీ నడవలేదు. మూడేళ్లు ఆపి ఉంచడం చిన్న విషయం కాదు.

కొత్త చట్టం ఏఈఆర్‌బీకి చట్టబద్ధ హోదా ఇచ్చింది. మంచిదే. అయినా నాకు ఇంకొకటి కావాలి. ఏ కేంద్రంలోనైనా లీకు పరిమితి మార్చినా, లీకుతోనే కొన్నాళ్లు నడపడానికి ఒప్పుకున్నా, పాత నంబరు, కొత్త నంబరు, అడిగింది ఎవరు, ఒప్పుకున్నది ఎవరు, ఎందుకు, ఇవన్నీ అదే రోజు అందరికీ కనిపించాలి. మనం కోడ్‌లో ఒక్క లైను మార్చినా గిట్‌లో పేరు, టైము పడతాయి కదా, అలా. రియాక్టర్లు కడతామంటున్న శ్రీకాకుళం కొవ్వాడలో అది తెలుగులో ఉండాలి. ప్రైవేటు కంపెనీ అయితే ఇంకా ముఖ్యం, ఆపిన ప్రతి రోజూ దానికి నష్టమే కాబట్టి.

రీవైండింగ్ చేసిన మెకానిక్ మా స్టార్టర్‌లో రిలేను సరిగ్గా పెట్టి, డయల్ మీద, దాని పక్కన డబ్బా మీద కలిపి ఎర్ర పెయింటుతో ఒక గీత గీసిండు. ఎవరన్నా తిప్పితే గీత రెండు ముక్కలైతది. పోయిన సెలవుల్లో మళ్లీ వోల్టేజీ పడిపోయి రాత్రి రెండింటికి మోటరు బంద్ అయింది. బాపు, నేను ఇద్దరం పోయినం. డబ్బా తెరిచి, ముందు ఆ గీత మీద లైటు కొట్టి చూసిండు బాపు.