చదువుటకు హక్కు, వ్రాయుటకు దయయా?

సత్యవేడు చెంతనున్న శ్రీసిటీలో 2015వ సంవత్సరమున ఫాక్స్‌కాన్ సంస్థవారు షావొమీ ఫోనులను కూర్పసాగిరి. మన పొలిమేరలోనే ఫోనులు రూపొందినవి. అయినను మన బజారులోని వర్తకుడు తమ్మునికి ‘రేపు రమ్ము’ అని వ్రాయవలసివచ్చిన, ఇంగ్లీషు లిపి నాశ్రయించుచున్నాడు. మాట తనది, అక్షరము పరాయిది.

ఈ కొరత భాషది కాదు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునందే తెలుగునకు స్థానము లభించినది. కాని మన లిపి నడక వేరు. ‘సత్యవేడు’ అన్నది మన కంటికి నాలుగక్షరములు. యంత్రమునకు ఎనిమిది సంకేతములు. తకారము క్రింద యకారపు వత్తును నిలుపుట, గుణింతములను తగినచోట నతుకుట ఫోను చేయవలసిన పని. అది చేతగానిచో వత్తులు విడిపోయి పొల్లులు బయటపడును. మామూలు సందేశమున ఇంగ్లీషు అక్షరములు 160 పట్టుచోట తెలుగు సంకేతములు 70 మాత్రమే పట్టును.

2018 ఫిబ్రవరిలో జకార ఞకారములు కలిసిన యొక తెలుగు కూర్పు తెరపైకి రాగానే ఆపిల్ ఫోనులలోని సందేశముల ప్రక్రియలు కుప్పగూలినవి. ఆ సంస్థవారు 19వ తేదీననే సవరణ వెలువరించిరి. సంతోషమే. లోకమంతటికి గలిగిన చిక్కు దినములలో దీరినది. తెలుగువాని కొక్కనికే కలిగిన చిక్కు అంత వేగముగా దీరునా?

శాసనమును చూతము. భారత ప్రభుత్వము 2016లో ఫోనులకు విధించిన ప్రమాణము ప్రకారము 22 భాషల సందేశములు చదువుటకు వీలుండవలెను. వ్రాయుటకో, ఇంగ్లీషు, హిందీ, మరియొక భారతీయ భాష యున్న చాలును. ఆ మరియొకటి తెలుగే కావలెనను నియమము లేదు. ఉత్తర మందుకొను హక్కు మనది. ప్రత్యుత్తరము వ్రాయు కలము మాత్రము ఫోను చేయువాని దయ!

‘తెలుగు మీటలున్నను వాడువారేరి?’ అని వర్తకులడుగుదురు. పెద్ద ఫోనులవిషయమున ఈ మాట నిజమే. మా కక్షిదారునకు వాయిదా తేదీని మేమే ఇంగ్లీషు లిపిలో పంపితిమి. తెలుగు చక్కగా చదువగల ఆ రైతు దానిని పొరుగింటి బాలునిచే చదివించుకొనెను. తప్పు మాది, సిగ్గుతో నొప్పుకొనుచున్నాము.

కావున కర్తవ్యము రెండు విధములు. తెలుగు రాష్ట్రములలో నమ్ముడగు ప్రతి ఫోనునందును, చిన్న మీటల ఫోనుతో సహా, తెలుగు వ్రాత యుండితీరవలెనని రెండు ప్రభుత్వములును ఢిల్లీవారిని పట్టుబట్టవలెను. మనమో, ప్రతి పఠనమందిరమున నొక సాయంకాలము కూర్చుండి తెలుగు మీటలను నేర్చి, ఇరుగుపొరుగులకు నేర్పవలెను. వాడుకలేని హక్కు కాగితముపైననే నిలిచిపోవును.

1960 ఏప్రిల్ 1వ తేదీన చెంగల్పట్టు జిల్లానుండి ఆంధ్రదేశమున జేరిన సీమ మనది. భాష విలువ సత్యవేడునకు వేరొకరు చెప్పవలెనా? నేడింటికేగి వ్రాయు మొదటి సందేశము తెలుగున వ్రాయుదము.