డ్రైవరు నిద్ర కూడా మన బాధ్యతే

హైదరాబాదు చుట్టూ ఉన్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మన కుటుంబాలకు ఎంతో మేలు చేసింది. నగరం రద్దీ తగలకుండా శంషాబాదు విమానాశ్రయానికి చేరుకుంటున్నాం. అయితే ఈ సౌకర్యం వెంట ఉన్న ఒక ప్రమాదాన్ని అందరం తేలికగా తీసుకుంటున్నామని మా అభిప్రాయం.

అమెరికా వెళ్లే బిడ్డను సాగనంపడానికి బంధువులంతా బయలుదేరతారు. విమానం అర్ధరాత్రి దాటాక. పగలంతా బండి నడిపిన డ్రైవరే తెల్లవారుజామున తిరిగి తీసుకురావాలి. "రోడ్డు ఖాళీగానే ఉంది, పోనివ్వు బాబూ" అంటాం. ఖాళీగా, తిన్నగా ఉన్న రోడ్డు మీదే కునుకు తొందరగా పడుతుంది. 2023లో ఇక్కడ గరిష్ఠ వేగాన్ని గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు పెంచారు. ఆ వేగంలో రెండు సెకన్లు కళ్లు మూతపడితే బండి సుమారు 66 మీటర్లు ఎవరి అదుపూ లేకుండా పోతుంది.

డబ్బు ఇస్తున్నాం కదా అని కొందరు అంటారు. డబ్బిచ్చి డ్రైవరు పనిని తీసుకోగలం గాని, అతని అలసటను తీసేయలేం. టీ, పాటలు కాసేపు ఊరటే. నిద్రకు నిద్రే మందు.

కనుక మీరు వీడ్కోలు చెప్పేలోగా అతన్ని పడుకోనివ్వండి. ఇంజను ఆపి, అద్దాలు కొద్దిగా దించుకోమనండి. అప్పటికీ మగతగా ఉంటే తెల్లవారాకే బయలుదేరండి. దారిలో కునుకు వస్తే రోడ్డు అంచున ఆపవద్దు. దగ్గరి ఎగ్జిట్‌లో దిగి సురక్షితమైన చోట ఆగండి. వెనుక సీట్లోవారూ బెల్టు పెట్టుకోవాలి. పసిబిడ్డను ముందు సీట్లో ఒళ్లో కూర్చోబెట్టుకోవద్దు.

ఇల్లు రెండు గంటలు ఆలస్యంగా చేరితే ఏ నష్టమూ లేదు. అందరూ చేరడమే ముఖ్యం.