మిగిలిన చోటు

ధారావాహిక రాసేవారికి పాఠకుల బెంగ ఉంటుంది గాని, పేజీ అడుగున మిగిలిపోయే నాలుగంగుళాల బెంగ ఉండదు. అది పాపం కంపోజిటరుది. సీసపు అక్షరాలతో పత్రికలు అచ్చయిన రోజుల్లో నాయిక రైలెక్కగానే రచయిత ‘సశేషం’ అని పెట్టి చక్కా పోయేవాడు. కింద తెల్లగా మిగిలిన చోటు కోసం ప్రెస్సులో ఒక చమత్కారమో, వంటింటి చిట్కానో, పాత బొమ్మ బ్లాకో వెతుక్కునేవారు. ఏదీ దొరకని నాడు వరుసకూ వరుసకూ మధ్య పల్చటి సీసపు రేకులు దూర్చి, ఉన్న వరుసలనే అడుగుదాకా సాగదీసేవారు. చదివేవారు మాత్రం, ఈ వారం అచ్చు కళ్ళకు హాయిగా ఉందే అనుకునేవారు!

ఆ బెంగ ఇప్పుడు సెల్లు తెరమీదికి చేరింది. పైన పేరు పట్టీ, అడుగున బొత్తాల పట్టీ, నడుమ మిగిలినంతా విషయానికి. ఇంతే కదా కోరిక? ఈ చిన్న కోరిక సవ్యంగా తీరడానికి వెబ్ పేజీలు కట్టేవాళ్ళకు దాదాపు ఇరవై ఏళ్ళు పట్టింది. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఈ గొడవెందుకయ్యా అంటారేమో. చెబుతాను.

కిందటేడు మా సదుం పక్క పల్లె నుంచి కాలేజీకి వచ్చే శిష్యురాలొకతె సెల్లు పట్టుకుని నా గదికి వచ్చింది. ఉపకారవేతనం దరఖాస్తు. గడువు ఆ సాయంత్రమే. “అంతా నింపినా సార్. పంపే బటన్ యాడుందో కనబడలే” అంది. పేజీని పైకి తోస్తే కదలదు, కిందికి లాగితే కదలదు. భాష ఇంగ్లీషుకు మార్చి చూశాం. అడుగున బొత్తాం సగం తొంగిచూసింది. మళ్ళీ తెలుగుకు మార్చాం. మునిగిపోయింది. “మన బాస ఎక్కువ చోటు తింటాది కదా సార్” అని నవ్వి, ఇంగ్లీషులోనే నింపి పంపుకుంది. అది ఎవరి దరఖాస్తో ఇక్కడ అప్రస్తుతం. ఆ పిల్ల నవ్వుతూ అన్న మాట మాత్రం నన్ను వదల్లేదు. మా కాలేజీలో కంప్యూటరు పాఠం చెప్పే మిత్రుణ్ణి వారం రోజులు వేధించి సంగతి రాబట్టాను.

పేజీకి ఒడ్డూ పొడుగూ చెప్పే భాషను సీఎస్ఎస్ అంటారు. 1994లో హోకన్ లీ అనే నార్వే దేశస్థుడు ప్రతిపాదించగా, 1996లో దాని తొలి ప్రమాణం వెలువడింది. ఒడ్డు విషయంలో ఇది మొదటినుంచీ బుద్ధిమంతురాలు. పేచీ అంతా పొడుగుతోనే. ‘ఈ పెట్టె ఎత్తు నూటికి నూరు’ అని రాస్తే, దేనిలో నూరు? తన్ను పట్టుకున్న పెద్ద పెట్టెలో. ఆ పెద్ద పెట్టె ఎత్తు ఎవరూ చెప్పలేదనుకోండి, నూరుకు అర్థమే లేదు. తాత ఆస్తి ఎంతో తేలకుండా మనవడి వాటా సగం అని రాసుకున్నట్టు! బ్రౌజరు ఆ వరుసను గౌరవంగా పక్కన పెట్టి, లోపలి విషయం ఎంతుంటే అంతే ఎత్తు ఇస్తుంది.

దీనికి విరుగుడుగా కొందరు కూడికలు, తీసివేతలు మొదలుపెట్టారు. తెర మొత్తం వంద వీహెచ్. పై పట్టీకి ఎనభై చుక్కలు, కింది పట్టీకి నలభై. వందలోంచి నూట ఇరవై చుక్కలు తీసేస్తే మిగిలింది నడిమి పెట్టెకు. లెక్క ఇంగ్లీషు శీర్షిక ఉన్నంతసేపు సరిపోతుంది. దాన్ని తెలుగు చేసి చూడండి. ఒక వరుస మాట రెండు వరుసలవుతుంది, పై పట్టీ ఎనభై కాస్తా నూట ముప్పై అవుతుంది. అడుగు పట్టీ తెర దాటిపోతుంది. అసలు ఆ ‘ఎనభై’ ఎవరి అక్షరాన్ని కొలిచి పెట్టింది? మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ‘రాష్ట్రం’ అన్న ఒక్క మాటకు వత్తు మీద వత్తు. వరుస ఎత్తు బిగించి, మించినదాన్ని కత్తిరించమని ఆజ్ఞ ఇస్తే ముందు తెగేది వత్తే. అప్పుడు గద్ద గద అవుతుంది. మన్ను మను అవుతుంది. మా సదుంకూ పుంగనూరుకూ వత్తుల్లేవు గనక క్షేమం. మదనపల్లె మదనపలె అయిపోతుంది. కుప్పానికి పకార వత్తు పక్కన నిలబడుతుంది కాబట్టి సగం బతికిపోతుంది!

ఇది చాలదన్నట్టు సెల్లులో మరో మాయ ఉంది. చాలా సెల్లుల్లో వంద వీహెచ్ అంటే, పైనున్న చిరునామా పట్టీ దాక్కున్నప్పుడు ఉండే ఎత్తు. పేజీ తెరవగానే ఆ పట్టీ కనబడుతూనే ఉంటుంది కదా? ఆ మేరకు పేజీ అడుగు తెర కిందికి జారుతుంది. పేజీని కదలనివ్వకుండా బిగిస్తే ఆ అడుగున ఉన్న బొత్తాం ఎవరికీ అందదు. మా పిల్ల సెల్లులో జరిగింది ఈ రెండూ కలిసి.

సరైన దారి 2009లో మొదటి చిత్తుప్రతిగా వచ్చి, తర్వాత కొన్నేళ్ళకు అన్ని బ్రౌజర్లకూ పట్టుబడింది. పేరు ఫ్లెక్స్. దీని తత్వం రైతుకు చెబితే ఇట్టే తెలుస్తుంది. గట్టుకు ఎంత కావాలో అంత, కాలువకు ఎంత కావాలో అంత, మిగిలిన నేలంతా పైరుకు. అడుగులు కొలిచి కాగితం మీద ముందే రాయక్కర్లేదు. పెద్ద పెట్టెకు ‘డిస్‌ప్లే ఫ్లెక్స్, డైరెక్షన్ కాలమ్’ అని, నడిమి పెట్టెకు ‘ఫ్లెక్స్ వన్’ అని రాస్తే చాలు. పట్టీలు రెంటినీ బ్రౌజరే కొలుచుకుని మిగిలింది నడిమిదానికి ఇస్తుంది. శీర్షిక రెండు వరుసలైతే మళ్ళీ కొలుస్తుంది. 2017లో బ్రౌజర్లలోకి వచ్చిన గ్రిడ్‌తోనూ ఇదే పని అవుతుంది. ‘ఆటో, వన్ ఎఫ్ఆర్, ఆటో’ అని మూడు మాటలు. నాకైతే ఇదే ముచ్చటగా ఉంది, గణవిభజనలా చదువుకోవచ్చు.

ఒక చిక్కు మాత్రం ఉంది. విషయం ఎక్కువై నడిమి పెట్టె లోపలే కదలాలంటే పెద్ద పెట్టె ఎత్తు కచ్చితంగా చెప్పి, నడిమిదానికి ‘ఓవర్‌ఫ్లో ఆటో’ రాయాలి. ఆ కదిలే పెట్టె మరో పెట్టెలో ఉంటే, బయటి పెట్టెకు ‘మిన్ హైట్ సున్నా’ కూడా రాయాలి. లేకుంటే అది లోపలున్నదానికంటే కుంచించుకోనని మొండికేస్తుంది. మిత్రుడు అరగంట తల పట్టుకున్నది ఇక్కడే.

చిరునామా పట్టీ మాయకు మందు 2022లో వచ్చింది. వీహెచ్ బదులు డీవీహెచ్ అంటే, పట్టీ ఉన్నా లేకున్నా అప్పటికి కనిపించే తెర ఎత్తే లెక్క. అయితే వంద వీహెచ్ వరుసను చెరిపేయకూడదు. అది పైన, వంద డీవీహెచ్ దాని కింద ఉండాలి. పాత సెల్లు తనకు తెలియని మాటను చదవకుండా దాటేసి పై వరుసనే పట్టుకుంటుంది. మా ఊరివైపు అలాంటి పాత సెల్లులు ఇంకా చాలా చేతుల్లో ఉన్నాయి.