కర్ర పట్టిన చేతికి కూలి ఎంత?

2025 అక్టోబరు 12, ఆదివారం. మధురవాడ స్టేడియంలో మహిళల ప్రపంచకప్ మ్యాచ్. భారత్, ఆస్ట్రేలియా. మన అమ్మాయిలు 330 పరుగులు చేశారు. ఇక తిరుగులేదనుకున్నారంతా. అలీసా హీలీ ఒక్కతే 142 కొట్టి మ్యాచ్‌ని లాగేసుకుపోయింది. మహిళల వన్డేల్లో అప్పటికి అదే అతి పెద్ద ఛేదన. మ్యాచ్ పోయినా మూడు వారాలు తిరిగేసరికి కప్పు మనకే వచ్చింది. అదే స్టేడియంలో మిథాలీ రాజ్, రావి కల్పనల పేర్లు కూడా వెలిశాయి.

ఇదంతా క్రికెట్. మరి హాకీ? మన పిల్లలు పాఠ్యపుస్తకాల్లో జాతీయ క్రీడ అని చదువుకునే ఆ ఆటలో ఆడపిల్ల నెలకు ఎంత సంపాదిస్తుంది? బ్యాటు కొనివ్వమని అడిగే కూతురికి ఇప్పుడు తండ్రి సరేనంటున్నాడు. హాకీ స్టిక్ అడిగితే మాత్రం ‘చదువుకోమ్మా’ అంటాడు. ఆయన్ని తప్పుపట్టే ముందు లెక్కలు చూడాలి.

ప్రపంచకప్ టికెట్లు వంద రూపాయల నుంచి అమ్మారు. మధురవాడలో సుమారు 27 వేల మంది పడతారు. స్టేడియం మొత్తం వంద రూపాయల టికెట్లతో నిండినా వచ్చేది 27 లక్షలు. పోలీసు బందోబస్తుకీ, దీపాలకీ, మైదానం సిబ్బందికీ అందులోంచే సర్దుకోవాలంటే ఆ సొమ్ము ఏ మూలకీ రాదు. మరి మహిళా క్రికెట్లో కోట్లు ఎక్కడివి? టీవీవి. మహిళల ప్రీమియర్ లీగ్ తొలి ఐదేళ్ల ప్రసార హక్కులు 2023లో 951 కోట్లకు అమ్ముడయ్యాయి. మ్యాచ్‌కి 7 కోట్ల 9 లక్షలు! నిండిన మధురవాడ ఇచ్చేదానికి పాతిక రెట్లకు పైమాటే.

అయితే ఇందులోనూ ఒక మెలిక ఉంది. అయిదు జట్లను కొన్నవాళ్లు పదేళ్లకు కలిపి కట్టాల్సింది దాదాపు 4,670 కోట్లు. అంటే ఏడాదికి 467 కోట్లు. టీవీ వాళ్లు ఏడాదికి ఇచ్చేది 190 కోట్లే. తేడా చూశారా? మిగతాది ప్రకటనలూ, టికెట్లూ, అన్నిటికీ మించి రేపటి మీద ఆశ. డబ్బున్న మారాజులు కాబట్టి ఎదురుచూడగలరు. ఆ ఓపిక వల్లే కడప జిల్లా అమ్మాయి శ్రీచరణిని ఢిల్లీ జట్టు ఓ ఏడాది 55 లక్షలకు తీసుకుని, ప్రపంచకప్ తర్వాత జరిగిన వేలంలో కోటీ 30 లక్షలు పెట్టి మళ్లీ దక్కించుకుంది.

ఇక హాకీకి వద్దాం. 2013లో మొదలైన హాకీ ఇండియా లీగ్ 2017తో ఆగిపోయింది. అప్పట్లో అది మగవాళ్లకే. ఏడేళ్ల తర్వాత మళ్లీ లేపినప్పుడు మహిళల లీగ్‌నీ జోడించారు. 2025 జనవరి 12న రాంచీలో మొదలై రిపబ్లిక్ డే నాటి ఫైనల్‌తో ముగిసింది. సరిగ్గా రెండు వారాల ముచ్చట. ఆరు జట్లు అనుకున్నారు, నాలుగే తేలాయి. ఒక్కో జట్టు ఆటగాళ్ల కోసం ఖర్చు పెట్టదగ్గ మొత్తం 2 కోట్లు. పురుషుల జట్టుకైతే 4 కోట్లు. జట్టుకి 24 మంది కాబట్టి సగటున తలకు ఎనిమిది లక్షల చిల్లర. కనీస ధర 2 లక్షలు. అందరికన్నా ఎక్కువ పలికిన ఉదితకు 32 లక్షలు దక్కాయి. పురుషుల్లో హర్మన్‌ప్రీత్ సింగ్‌కి 78 లక్షలు. నాలుగు మహిళా జట్ల మొత్తం సొమ్ము 8 కోట్లయితే, క్రికెట్ తొలి వేలంలో స్మృతి మంధాన ఒక్కరికే 3 కోట్ల 40 లక్షలు వచ్చాయి.

ఆ పోలిక న్యాయం కాదనొచ్చు. నిజమే. రెండు వారాల ఆటకు ఎనిమిది లక్షలంటే మధ్యతరగతి ఇంట్లో తక్కువేం కాదు. చిక్కల్లా ఆ తర్వాతి యాభై వారాలతోనే!

అసలు సమస్య ఆదాయం. తొలి సీజన్‌లో ప్రేక్షకులకు ప్రవేశం ఉచితం. జనాన్ని రప్పించడానికి అది మంచి ఉపాయమే. కానీ గేటు దగ్గర పైసా రాలనప్పుడు టీవీ అయినా ఇవ్వాలి, స్పాన్సరైనా ఇవ్వాలి, లేదా యజమాని తన జేబులోంచి తీయాలి. చాలావరకు మూడోదే దిక్కు. దాని ఫలితం రెండో సీజన్‌కే తెలిసింది. మొదటి ఏడాది విజేత ఒడిశా వారియర్స్. గెలిచి కోటిన్నర బహుమతి అందుకున్న ఆ జట్టు పేరే రెండో ఏడాది పట్టికలో కనిపించలేదు. రాంచీ రాయల్స్ వచ్చి చేరింది. జట్ల సంఖ్య మాత్రం నాలుగు దాటలేదు.

విశాఖవాసుల్లో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 2024-25 పురుషుల లీగ్‌లో మన ఊరి పేరు మీదా ఒక జట్టు ఆడింది. పేరు గోనాసిక. మన్‌ప్రీత్ సింగ్ లాంటి ఒలింపియన్ అందులో ఉన్నాడు. కానీ విశాఖలో ఒక్క మ్యాచ్ కూడా జరగలేదు. మరుసటి సీజన్‌కి ఆ జట్టే లేదు. ఊరు చూడని జట్టుకి ఊళ్లో అభిమానులు ఎక్కడి నుంచి వస్తారు? అభిమానులు లేని జట్టు చొక్కా మీద తన పేరు వేయించుకోవడానికి ఏ వ్యాపారి ముందుకొస్తాడు? మగవాళ్ల జట్టు పరిస్థితే ఇదైతే ఇక్కడ మహిళల జట్టు పెట్టమని ఎవరిని అడగగలం?

హాకీకి మరో ఇబ్బంది కూడా ఉంది. క్రికెట్‌ని సందులో ఆడొచ్చు, బీచ్‌లో ఆడొచ్చు. పైస్థాయి హాకీకి టర్ఫ్ కావాలి. పరవడానికి కోట్లు, తడపడానికి నీళ్లు, కొన్నేళ్లకోసారి మార్చడానికి మళ్లీ కోట్లు. 2023 ఫిబ్రవరిలో సీనియర్ మహిళల జాతీయ పోటీలు కాకినాడలో జరిగాయంటే కారణం అక్కడ టర్ఫ్ ఉండటమే. మైదానం ఉన్నచోటికే ఆట వెళ్తుంది. డబ్బు దాని వెనకాలే వెళ్తుంది.

పోనీ, బయటి దేశాల్లో ఎలా ఉంది? కెనడా, అమెరికాల్లో హాకీ అంటే మంచు మీద ఆడేది. ఆట వేరైనా కష్టం ఒక్కటే. కెనడా మహిళల లీగ్ 2007లో మొదలైంది. పదేళ్ల పాటు ఆటగాళ్లకు జీతమే లేదు! 2017లో కొద్దిపాటి భృతి ఇవ్వడం మొదలుపెట్టి, నెట్టుకురాలేక 2019లో తలుపులు మూసింది. 2015లో అమెరికాలో పుట్టిన మరో లీగ్ రెండో ఏడాది మధ్యలోనే జీతాలు కోసింది. ఆ తర్వాత 2024 జనవరి 1న కొత్త లీగ్ మొదలైంది. ఆరు జట్లకూ యజమాని ఒక్కరే, మార్క్ వాల్టర్ అనే కోటీశ్వరుడు. ఆట మొదలవక ముందే ఆటగాళ్ల సంఘంతో 2031 వరకు ఒప్పందం కుదిరింది. కనీస జీతం ఏడాదికి 35 వేల డాలర్లు, సగటు 55 వేలు. ఆ ఏప్రిల్‌లో మాంట్రియల్‌లో ఒక మ్యాచ్‌కి 21,105 మంది వచ్చారు. 2025లో మరో రెండు జట్లు చేరాయి. ఇది లాభాల్లో పడిందా అన్న ప్రశ్న కన్నా, నష్టం వస్తే ఎన్నేళ్లు భరిస్తారో ముందే రాసుకోవడం గమనించదగ్గది. ఏ కొట్టయినా తెరిచిన రోజే లాభం చూపిస్తుందా?

మన దగ్గర ఆ ఓపిక చూపింది కోటీశ్వరులు కాదు. 2018లో సహారా తప్పుకున్నాక జాతీయ జట్లను ఒడిశా ప్రభుత్వం నెత్తిన పెట్టుకుంది. 2036 వరకూ కొనసాగిస్తానంది. అంతకు ఎన్నో ఏళ్ల ముందు నుంచే ఆడపిల్లల హాకీని నిలబెట్టిన మరో సంస్థ రైల్వే. జాతీయ పోటీల్లో రైల్వే జట్టు ఏళ్ల తరబడి పెత్తనం చేసిందంటే, అక్కడ కోచ్‌లు మంత్రం వేశారని కాదు. ఉద్యోగం ఇచ్చింది కాబట్టి. ఒకటో తారీఖున జీతం, ఆడటానికి సెలవు, ఆట మానేశాక పింఛను. వేలం పాటల హడావుడిలో ఈ పాతకాలపు ఏర్పాటును చిన్నచూపు చూస్తున్నారు గానీ, మోకాలు దెబ్బతిన్న అమ్మాయికి లీగ్ యజమాని మళ్లీ ఫోన్ చేయడు. రైల్వే జీతం ఆపదు.

మన తెలుగు అమ్మాయి రజని కథ చూడండి. చిత్తూరు జిల్లా పల్లెలో పుట్టిన గోల్‌కీపర్. రియో, టోక్యో ఒలింపిక్స్ బృందాలు రెండింటిలోనూ ఉంది. టోక్యోలో మన జట్టు క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాను 1-0తో ఓడించి నాలుగో స్థానంలో నిలిచాక, 2021 ఆగస్టులో రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షల నగదు, తిరుపతిలో ఇంటి స్థలం ప్రకటించింది. సంతోషమే. శ్రీచరణికీ కప్పు గెలిచాక రెండున్నర కోట్లు, గ్రూప్-1 ఉద్యోగం ఇచ్చారు. కానీ ఇవన్నీ పంట ఇంటికొచ్చాక వేసే ఎరువు. పద్నాలుగేళ్ల పిల్లకు రోజూ గుడ్లు, బస్సు చార్జీలు, అరిగిన బూట్లకు బదులు కొత్తవి కావాల్సిన రోజుల్లో చెక్కులు పట్టుకుని ఎవరూ రారు. పైగా హాకీలో పతకం తప్పితే జనం నాలుగేళ్లు మరిచిపోతారు. 2024 జనవరిలో జపాన్ చేతిలో ఒక్క గోల్ తేడాతో ఓడి మన అమ్మాయిలు పారిస్‌కి వెళ్లలేకపోయారు. క్రికెట్లో ఓడితే వచ్చే నెలే మరో సిరీస్ ఉంటుంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను కొత్త క్రీడా విధానం 2 నుంచి 3 శాతానికి పెంచింది. పేపర్లో లోపలి పేజీ వార్త అది. కూతురు స్టిక్ అడిగిన ఇంట్లో మాత్రం లీగ్ వేలం పాట కన్నా ముందు చదవాల్సింది దాన్నే. ఏ స్థాయి పోటీలో ఆడితే అర్హత వస్తుంది, ఏ సర్టిఫికెట్ చెల్లుతుంది, దానికి దగ్గర్లో టర్ఫ్ ఎక్కడుంది, అక్కడికి నెలకు బస్‌పాస్ ఎంతవుతుంది.