పేరు తెలియని చెట్టుకు కాపలా ఎవరు?

చుట్టూ ఉన్న చెట్టునూ పిట్టనూ చెరువునూ పిల్లలకు పరిచయం చేసే ప్రకృతి బోధకులకు ఇటీవలి సంవత్సరాలలో దేశంలో కొంత గుర్తింపు లభిస్తున్నది. వీరు పులుల అడవులకు పర్యాటకులను తీసుకొనిపోయే మార్గదర్శకులు కారు. బడి ఆవరణలోని వేపచెట్టు ఏ నెలలో ఆకు రాల్చిందో, ఏ నెలలో పూత పట్టిందో పిల్లల చేత రాయించేవారు. చెరువు కట్టమీద నిలబెట్టి నీటికాకికీ కొంగకూ తేడా చూపించేవారు. ఊరి పెద్దలను కూడా ఆ నడకలో కలుపుకొనేవారు. ఈ కృషిని మేము మనసారా ఆహ్వానిస్తున్నాము. అయితే చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి ప్రాంతాలలో ఈ పని ఏ భాషలో జరగాలి? చదువరుల ముందు మేము ఈసారి పెడుతున్న ప్రశ్న ఇది.

ఈ ప్రాంతం పూర్వం కోలారు జిల్లాలోనిది. 1956 నాటి రాష్ట్రాల పునర్విభజనలో కోలారు మైసూరు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2007లో దాని నుండి చిక్కబళ్ళాపురం జిల్లా వేరుపడింది. పాలనకు సరిహద్దు గీత ఉన్నది గాని నీటికి లేదు. నంది కొండల ప్రాంతంలో పుట్టిన చిత్రావతి, పాపాఘ్ని ఆంధ్రదేశంలోకి ప్రవహించి పెన్నలో కలుస్తాయి. పెన్న పుట్టుక కూడా ఆ కొండలలోనే. ద్వీపకల్పంలోని రాతికొండలలో తప్ప ప్రపంచంలో మరెక్కడా కనిపించని పసుపుగొంతు పిగిలిపిట్టకు నంది కొండ ఒక ప్రసిద్ధమైన ఆవాసం. ఇక ఊళ్ళ పేర్లు చూడండి. గుడిబండలో బండ ఉన్నది, మిట్టేమరిలో మిట్ట వినిపిస్తున్నది, చిలకలనేర్పులో చిలుక పలుకుతున్నది. ఇక్కడి పల్లెలలో వేలాది ఇళ్ళలో మాట్లాడే భాష తెలుగు. బడి భాష కన్నడం, తల్లిదండ్రులు కోరుకునే భాష ఇంగ్లీషు.

ఇట్టి ఊరిలో పిల్లవాడికి ఒకే చెట్టు మూడు పేర్లతో ఎదురవుతుంది. ఇంట్లో కానుగ, పాఠంలో హొంగె, ఇంగ్లీషు పుస్తకంలో పొంగామియా. అదే విధంగా మర్రి ఆలగా, రావి అరళిగా, మేడి అత్తిగా, చింత హుణసెగా మారుతుంది. మూడు పేర్లు నేర్చుకోవడం పిల్లలకు భారం కాదు. మన సరిహద్దు పిల్లలు మూడు భాషలనూ అవలీలగా మోయగలరు. చిక్కు మరొకచోట ఉన్నది. పాఠంలోని పేరుకు మార్కులున్నాయి. ఇంటిపేరుకు లేవు. మార్కులు లేని పేరును పిల్లవాడు క్రమంగా మరచిపోతాడు. పేరుతోపాటు దానికి అంటుకొని ఉన్న అనుభవం కూడా పోతుంది. కానుగ అనగానే అవ్వకు మడిలో తొక్కిన పచ్చిరొట్ట గుర్తుకు వస్తుంది, దీపానికి వాడిన నూనె గుర్తుకు వస్తుంది. హొంగె అన్న మాటతో కన్నడ ఇంటిలోని అవ్వకు కూడా ఇవన్నీ గుర్తుకు వస్తాయి. కాని తెలుగు ఇంటి పిల్లవాడికి ఆ మాట వెనుక ఏ అవ్వా లేదు.

ఇది కేవలం భావుకత కాదని చెప్పడానికి పాముల ఉదాహరణ చాలు. మన పొలాలలో మనుషుల ప్రాణాలు తీసే పాములలో ముఖ్యమైనది రక్తపింజరి. కన్నడంలో దానిని కొళకుమండల అంటారు. కట్లపాము, నాగుపాము, చిన్నపింజరి సరేసరి. పాముకాటును తప్పక నివేదించవలసిన వ్యాధిగా కర్ణాటక ప్రభుత్వం 2024లో ప్రకటించింది. ఇది మెచ్చదగిన చర్య. ఈ నాలుగు పాముల విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే మందు ఒకటే కావచ్చు. కాని కాటుకు ముందే దానిని గుర్తించి తొలగిపోవడం, కాటు పడితే మంత్రాలకు కాలం వృథా చేయకుండా ఆసుపత్రికి పరుగెత్తడం ఇంటిల్లిపాదికీ తెలియవలసిన సంగతులు. బడిలో కొళకుమండల గురించి విన్న బాలిక ఆ హెచ్చరికను వేరుసెనగ చేనిలో కలుపు తీసే తల్లికి అందించాలంటే రక్తపింజరి అన్న మాట కావాలి. ఆ మాటను బడి ఇవ్వనినాడు హెచ్చరిక బడి గోడ దాటదు.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. 1976 నాటి 42వ సవరణ ద్వారా వచ్చిన 51ఏ (జి) అధికరణం అడవులను, సరస్సులను, నదులను, వన్యప్రాణులను కాపాడటం, జీవుల పట్ల దయ కలిగి ఉండటం ప్రతి పౌరుని విధి అని చెప్పింది. ఎం.సి. మెహతా వ్యాజ్యంలో 1991లో సుప్రీంకోర్టు పర్యావరణ విద్యను విద్యాసంస్థలలో ప్రవేశపెట్టాలని ఆదేశించింది. అది సరిగా అమలు కాకపోవడంతో 2003–04లో మళ్ళీ జోక్యం చేసుకున్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 29వ సెక్షను రెండవ ఉపసెక్షనులో రెండు ఖండాలు పక్కపక్కనే ఉన్నాయి. (ఇ) ఖండం పిల్లలు పనుల ద్వారా, పరిశీలన ద్వారా, అన్వేషణ ద్వారా నేర్చుకోవాలంటుంది. (ఎఫ్) ఖండం బోధన సాధ్యమైనంత వరకు పిల్లల మాతృభాషలో ఉండాలంటుంది. శాసనకర్తలు ఈ రెండింటినీ ఇరుగుపొరుగున పెట్టడం వెనుక ఉద్దేశం ఏమైనప్పటికీ వాటి సంబంధం స్పష్టమే. అన్వేషణ అంటే అడగడం. ఏ పిల్లవాడైనా తనకు బాగా వచ్చిన భాషలోనే నిర్భయంగా అడుగుతాడు.

భాషాపరమైన అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించవలసిన బాధ్యతను 350ఏ అధికరణం రాష్ట్రం మీద మాత్రమే పెట్టలేదు. రాష్ట్రంలోని ప్రతి స్థానిక సంస్థ మీద కూడా పెట్టింది. గ్రామ పంచాయతీ కూడా స్థానిక సంస్థే. ఈ మాటను మన సంఘాలు తమ అర్జీలలో విధిగా చేర్చాలి. ఎందుకంటే అదే స్థానిక సంస్థ మీద మరొక చట్టం మరొక బాధ్యతను పెట్టింది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం 41వ సెక్షను ప్రకారం ప్రతి స్థానిక సంస్థ జీవవైవిధ్య నిర్వహణ సంఘాన్ని ఏర్పాటు చేయాలి. 2004 నాటి నియమావళిలోని 22వ నియమం ఆ సంఘపు ముఖ్యకార్యంగా పెట్టినది స్థానికులతో సంప్రదించి ప్రజా జీవవైవిధ్య పట్టికను తయారుచేయడం. ఊరిలోని చెట్టుచేమలు, పశుపక్ష్యాదులు, వాటి ఉపయోగాలు, వాటిని గురించి ప్రజలకు తెలిసిన సంప్రదాయ జ్ఞానం అందులో నమోదు కావాలి. పనిలో జాప్యం చూసి జాతీయ హరిత న్యాయస్థానం 2019లో రాష్ట్రాలకు 2020 జనవరి 31ని గడువుగా విధించింది. గడువు దగ్గరపడినప్పుడు ఏ ప్రభుత్వ దస్త్రమైనా ఎట్లా నిండుతుందో న్యాయస్థానాల చుట్టూ తిరిగిన మాబోటి వారికి తెలియనిది కాదు.

ఆ పట్టికలో ‘స్థానిక నామం’ అన్న గడి ఒకటి ఉంటుంది. బాగేపల్లి తాలూకాలోని తెలుగు పల్లెలో స్థానిక నామం ఏది? ఊరివారు పిలిచే పేరే కదా. అక్కడ తంగేడు అని, వావిలి అని, దేవాంగపిల్లి అని రాయవలసి ఉన్నది. రాత్రిపూట పెద్దపెద్ద కళ్ళతో కొమ్మలమీద మెల్లగా పాకే ఆ చిన్న జంతువును కన్నడిగులు కాడుపాప అంటారు, అంటే అడవి పసిపాప. రెండు పేర్లూ అందమైనవే. రెండూ ఉండాలి. ప్రతి చదువరీ తన పంచాయతీకి వెళ్ళి ఆ పట్టికను చూపించమని అడగాలని మా విజ్ఞప్తి. సమాచారహక్కు చట్టం ఉన్నది. చూసి, ఆ గడిలో ఏమి రాశారో మాకు తెలపండి.

పొరుగున మంచి ఉదాహరణలు లేకపోలేదు. చింతామణి నుండి సరిహద్దు దాటి మదనపల్లె వైపు పోతే రిషీవ్యాలీ వస్తుంది. ఒకప్పుడు బోడిగా ఉన్న ఆ లోయ దశాబ్దాల చెట్ల పెంపకంతో పచ్చబడింది. 1991లో దానిని పక్షుల రక్షిత ప్రదేశంగా ప్రకటించుకున్నారు. అక్కడి ఎస్. రంగస్వామి, ఎస్. శ్రీధర్ కలిసి 1993లో ఆ లోయ పక్షుల మీద గ్రంథం వెలువరించారు. అదే సంస్థ చుట్టుపక్కల పల్లెలలో నడిపిన చిన్న బడులు తెలుగులోనే, ఊరి పరిసరాలనే పాఠంగా చేసుకొని, కార్డుల ద్వారా వివిధ తరగతుల పిల్లలకు ఒకేచోట బోధించే పద్ధతిని రూపొందించాయి. ఆ పద్ధతి ఇతర రాష్ట్రాలకూ వ్యాపించింది. బాగేపల్లికి ఉత్తరాన చిలమత్తూరు మండలంలోని వీరాపురం మరొక ఉదాహరణ. ఏటా వచ్చే ఎర్రకాళ్ళ కొంగలు ఆ ఊరి చింతచెట్ల మీదనే గూళ్ళు కట్టుకుంటాయి. ఊరివారు వాటిని తమ ఆడపడుచుల వలె చూసుకుంటారు. వారికి ఆ పాఠం ఎవరూ పరభాషలో చెప్పలేదు.

కన్నడ సోదరుల నుండి కూడా మనం నేర్చుకోవలసింది చాలా ఉన్నది. శివరామ కారంత్ 1930లలోనే పిల్లల కోసం ‘బాలప్రపంచ’ సంపుటాలు కన్నడంలో రాశారు. పూర్ణచంద్ర తేజస్వి కన్నడనాటి పక్షుల మీద రాసి ఒక తరానికి చూడటం నేర్పారు. శాస్త్రం దేశభాషలో సాధ్యమేనని వారు నిరూపించారు. పాలపిట్ట కర్ణాటకకు రాష్ట్రపక్షి, తెలంగాణకూ రాష్ట్రపక్షి. అక్కడ నీలకంఠ, ఇక్కడ పాలపిట్ట. పిట్టకు లేని వైరం మనకు ఎందుకు? ప్రపంచాన్ని ఏలుతున్న ఇంగ్లీషుకు కూడా ఈ బెడద తప్పలేదు. 2007లో ఆక్స్‌ఫర్డ్ పిల్లల నిఘంటువు లకుముకి పిట్ట వంటి ప్రకృతి పదాలు కొన్నింటిని తీసివేసి, కంప్యూటరు పదాలకు చోటిచ్చింది. 2015లో రచయితలు బహిరంగ లేఖ రాసి నిరసించారు. ఇంగ్లీషువారే తమ పిల్లల మాటల కోసం అంత ఆందోళన చెందితే, బడిలో చోటే లేని మన మాటల సంగతి చెప్పాలా?

తెలుగు కోరడం కన్నడానికి వ్యతిరేకమని కొందరు అనవచ్చు. కాదు. కర్ణాటకలో జీవించే ప్రతి బిడ్డకూ కన్నడం రావాలి, బాగా రావాలి. తెలిసిన కానుగ మీదుగా హొంగెకు పోయే పిల్లవాడికి కన్నడం మరింత సులువుగా వస్తుంది. బలవంతం కూడా మా ఉద్దేశం కాదు. బోధనా మాధ్యమం ఎంపికలో తల్లిదండ్రుల ఇష్టాన్ని సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది. ఇక్కడ కోరుతున్నది మాధ్యమం మార్పు కాదు, ఊరి జ్ఞానానికి బడిలో ప్రవేశం.

పేర్ల విషయంలో మన ప్రాంతం ఇప్పుడు సున్నితమైన దశలో ఉన్నది. 2025 జూలైలో నంది కొండపై సమావేశమైన రాష్ట్ర మంత్రివర్గం బాగేపల్లి పేరును భాగ్యనగరగా మార్చడానికి నిర్ణయం తీసుకున్నది. దాని మీద మా అభిప్రాయం వేరుగా చెప్పవచ్చు. ఊరి పేరుకు కనీసం చర్చ జరిగింది. ఒక్కొక్క ఇంటిలో రాలిపోతున్న చెట్ల పేర్లకు, చేపల పేర్లకు, గడ్డి పేర్లకు ఏ మంత్రివర్గమూ సమావేశం కాదు. మరొకవంక కొండలను రాతిగనులు తొలుస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో చిక్కబళ్ళాపురం తాలూకా హిరేనాగవల్లి దగ్గర గనుల పేలుడు పదార్థాలు పేలి ఆరుగురు మరణించారు. గుట్ట పోతే ఏమేమి పోతుందో చెప్పగలిగినవారు ఊరిలో ఉన్నప్పుడే గ్రామసభలో అడ్డుచెప్పే గొంతు లేస్తుంది. అందుకు పేర్లు తెలిసి ఉండాలి.

మా సూచనలు నాలుగు. మొదటిది, తెలుగు మాట్లాడే పంచాయతీలలో జీవవైవిధ్య పట్టికలను తిరిగి తెరచి, తెలుగు పేర్లను కన్నడ లిపిలోనూ తెలుగు లిపిలోనూ చేర్చాలి. జ్ఞానం చెప్పినవారి అనుమతితో వారి పేరు కూడా నమోదు చేయాలి. రెండవది, బడులలోని పర్యావరణ సంఘాలు వారానికి ఒక్క గంటైనా ఆరుబయట గడపాలి. ఆ గంటలో ఇంటి భాషకు పూర్తి స్వేచ్ఛ ఉండాలి. మూడవది, చెరువు తూము తెరచి మూసిన నీరుగంటిని, గొర్రెల కాపరిని, మంత్రసానిని గౌరవ పారితోషికంతో బడికి పిలవాలి. వారే ఈ నేల మొదటి ప్రకృతి బోధకులు. ఉద్యోగంగా ఈ పని చేసే యువకులు వారి పక్కన కూర్చుని నేర్చుకోవాలి.

నాలుగవది ప్రభుత్వానికి కాదు, మనకు. ప్రతి తెలుగు సంఘం తన ఊరి చెట్ల, పిట్టల, పాముల, చెరువు భాగాల పేర్లను ఒక నోటుపుస్తకంలో రాయించాలి. తూము, అలుగు, మరవ, కుంట, వంక వంటి మాటలు చెప్పగల పెద్దలు ఇంకా ఉన్నారు. ఒక చోట అలుగు అంటే చెరువు నీరు పొర్లిపోయే దారి. మరొక సందర్భంలో అదే మాట పొలుసులతో ఉండే జంతువు. ఈ తేడా నిఘంటువు చూడకుండా చెప్పగలిగేది ఆ పెద్దలే. రాసినవాటిని పిల్లల చేత చదివించి, మాకు పంపండి. మూడు లిపులలో చిన్న పుస్తకంగా అచ్చువేసి, మూడు తాలూకాల బడులకూ ఉచితంగా అందించే బాధ్యత ఈ పత్రిక తీసుకుంటుంది. వచ్చే వానలకు చెరువులు నిండే లోపల ఈ పని మొదలు కావాలి.